చాయ్ తాగిన ల్యాప్‌టాప్.. ములుగులో రెండు రోజులు

హన్మకొండ నుంచి ములుగు 50 కిలోమీటర్లు. 163వ నంబరు జాతీయ రహదారి మీద ఆత్మకూరు, మల్లంపల్లి, జాకారం దాటితే గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్లు ముందు ఇక్కడ మొక్కి తర్వాతే ముందుకు పోతారు. జాతర లేని రోజుల్లో కూడా అంతే. లారీ డ్రైవర్లు, బైకుల మీద లక్నవరం పోయే కుర్రాళ్లు, కొత్త కారుకు నిమ్మకాయలు కట్టినవాళ్లు.. అందరూ బ్రేకేసి ఒక దండం పెట్టి కదులుతారు. మేమూ ఆగాం. ఆగస్టు నెల. రోడ్డుకు రెండువైపులా నాట్లు అయిపోయి పొలాలు పచ్చగా ఉన్నాయి. వాన పడటం లేదు కానీ, పడ్డట్టే ఉంది. షర్టు ఒంటికి అతుక్కుపోయే ఉక్క.

మాది టూరిస్టుల ప్రయాణం కాదు. నా స్నేహితుడు పరిశోధక విద్యార్థి. తాడ్వాయి వైపు ఒక కోయ గూడెంలో రెండేళ్లుగా ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని పాటలు, కథలు రికార్డు చేశాడు. విత్తనాల పండగ పాటలు, పెళ్లి పాటలు, సమ్మక్క కథ ఆమెకు తెలిసిన తీరులో.. మొత్తం 11 గంటలు. ఎండాకాలంలో ఆమె చనిపోయింది. ‘‘మా అవ్వ గొంతు మాకు ఇయ్యవా?’’ అని మనవలు ఫోన్ చేశారు. అది ఇవ్వడానికే బయల్దేరాం. రికార్డింగులన్నీ వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోతోందని అందులోవి ఎప్పుడో తీసేశాడు. గూడెంలో సిగ్నల్ ఉండదు, హాస్టల్ వైఫై సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందుకని క్లౌడ్‌లోకి ఒక్క ఫైలూ ఎక్కలేదు.

ములుగు ఊళ్లోకి పోతుంటే రోడ్డు పక్కన చిన్న హోటల్. మిర్చి బజ్జీలు వేడిగా దిగుతున్నాయి. ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో సర్దుదామని వాడు ల్యాప్‌టాప్ తెరిచాడు. మేం కూర్చున్న పొడుగు బల్లకు అవతలి చివర ఇద్దరు పెద్దమనుషులు. వాళ్లు చాయ్ తాగేసి ఒకేసారి లేచారు. బల్ల మావైపు ఒరిగింది. నిండు గ్లాసు చాయ్, పాలు చక్కెర దిట్టంగా వేసింది, కీబోర్డు కుడివైపు మొత్తం పారింది. స్క్రీన్ రెండుసార్లు మిణుకుమని నల్లబడింది.

వాడు షాకై పవర్ బటన్ మీద వేలు పెట్టాడు. ఆన్ అవుతుందో లేదో చూద్దామని. పక్క బల్ల మీద బజ్జీ తింటున్న డిగ్రీ పిల్లగాడు గట్టిగా అరిచాడు. ‘‘అన్నా, ఆన్ చెయ్యకు! ఆన్ చేస్తే సచ్చిపోతది!’’

మొత్తం కథలో అన్నింటికన్నా విలువైన మాట అదే. ఇలాంటప్పుడు మనందరికీ వచ్చే మొదటి కోరిక ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’ అనే. నిజానికి ఉత్త నీళ్లు బోర్డును అంత త్వరగా చంపవు. నీళ్లున్న చోట కరెంటు పారితే చంపుతుంది. చాయ్‌లో ఉప్పులు, చక్కెర, పాల పదార్థం ఉంటాయి. దాంట్లోంచి కరెంటు సులువుగా పారి, పారకూడని దారుల్ని కలిపేస్తుంది. అంతేకాదు, తడిలో కరెంటు ఉన్నంతసేపూ బోర్డు మీది రాగి గీతలు కరిగిపోతూ ఉంటాయి. పాత బ్యాటరీ సెల్ కారిన రిమోట్‌లో ఆకుపచ్చ మట్టి కనిపిస్తుంది కదా, దాదాపు అలాంటి తుప్పే. ఇంకో చిక్కేంటంటే, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ లోపలే ఉంటుంది. ఆఫ్ చేసినా బోర్డులో కొన్ని లైన్లకు కరెంటు అందుతూనే ఉంటుంది.

ఆ పిల్లగాడు చెప్పినట్టే చేశాం. స్క్రీన్ నల్లబడినంత మాత్రాన మెషీన్ ఆగినట్టు కాదు కాబట్టి, పవర్ బటన్‌ని వదలకుండా పది సెకన్లకు పైనే నొక్కి పట్టి పూర్తిగా చంపాం. చార్జర్ పెట్టలేదు, మంచిదే అయింది. పెన్‌డ్రైవ్, మౌస్ పీకేశాం. మూత పూర్తిగా తెరిచి, కీబోర్డు కిందికి వచ్చేలా గుడారం ఆకారంలో బోర్లించాం. మెల్లగా చాయ్ కారింది. అటూ ఇటూ ఊపబోతే పిల్లగాడు మళ్లీ ఆపాడు. ఊపితే ఒక మూలన ఉన్న తడి బోర్డంతా పాకుతుందట.

హోటల్ పెద్దమ్మ పాపం చేతిలో బియ్యం డబ్బాతో వచ్చింది. ‘‘బియ్యంల పెట్టు బిడ్డా, మా కోడలి ఫోన్ గట్లనే బాగైంది.’’

ఈ బియ్యం వైద్యం ఊరూరా ఉంది. కానీ బియ్యం ఫోన్‌లోంచి నీళ్లు గుంజదు. గాలికి ఆరేదే ఆరుతుంది, పేరు బియ్యానికి వస్తుంది. పైగా బియ్యం పిండి, నూకలు సందుల్లో ఇరుక్కుంటాయి. తడిసిన ఐఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని యాపిల్ కంపెనీయే తన సూచనల్లో రాసింది. చాయ్ విషయంలో అయితే ఆరడం అసలు పరిష్కారమే కాదు. నీళ్లు ఆరిపోతాయి, చక్కెర ఎక్కడికి పోతుంది? అక్కడే గడ్డకట్టి, గాలిలో తడిని మళ్లీ పీల్చుకుంటూ కూర్చుంటుంది. ములుగులాంటి అడవి జిల్లాలో, అదీ ఆగస్టులో, గాలిలో తడికి కొదవేముంది? ‘ఆరబెట్టాను, పనిచేసింది, వారం తర్వాత దానంతటదే పోయింది’ అని చాలామంది చెప్పే కథ వెనక ఉన్నది ఇదే. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. వేడిగాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది, ప్లాస్టిక్ కీలు వంకర్లు పోతాయి.

ఇప్పుడు ఎక్కడికి పోవాలి? వెనక్కి హన్మకొండా, ముందుకు ములుగా? వాడు ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాడు. వారంటీ ఉన్నా లేకున్నా లిక్విడ్ పడితే కవర్ కాదు, బోర్డు మార్చాల్సి రావచ్చు, డేటాకు మా బాధ్యత లేదు అన్నారు. వాళ్ల తప్పేం లేదు, ఏ కంపెనీ రూలైనా దాదాపు ఇంతే. చాయ్ పడ్డా, కిందపడ్డా వర్తించే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ వేరే ఉంటుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. మనలో ఎంతమంది కడతాం? కానీ ‘డేటాకు బాధ్యత లేదు’ అన్న మాట దగ్గర వాడి ముఖం మారిపోయింది. బోర్డు పోతే పోయింది, ఆ 11 గంటలు మళ్లీ రికార్డు చేయడానికి ముసలమ్మ లేదు.

‘‘బస్టాండ్ దిక్కు ఒక అన్న ఉన్నడు. ఫోన్లే ఎక్కువ చేస్తడు గని ల్యాప్‌టాప్‌లు గూడ చూస్తడు. నిజం చెప్తడు’’ అన్నాడు పిల్లగాడు. ఆ చివరి మాటకే వెళ్లాం.

చిన్న షాపు. ముందు టెంపర్డ్ గ్లాసులు, కవర్లు వేలాడుతున్నాయి. వెనక అద్దాల గదిలో టేబుల్, దానికి బిగించిన లెన్స్ లైటు, హాట్ ఎయిర్ గన్. అన్నకు ముప్పై అయిదేళ్లుంటాయి. మేం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి మూడే ప్రశ్నలు అడిగాడు.

‘‘ఏం పడ్డది? ఎంతసేపైంది? మల్ల ఆన్ చేసిండ్రా?’’

చాయ్, ముప్పావుగంట, చెయ్యలేదు. మూడో జవాబుకు తల ఊపి స్క్రూడ్రైవర్ తీశాడు.

కింది మూతకు పది స్క్రూలు. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఊడిందో అక్కడే గుచ్చాడు. వెనకవైపు స్క్రూలు కొంచెం పొడుగట. అవి ముందువైపు బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకుని వస్తాయట. మూత లేవగానే పాల వాసన గుప్పుమంది. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాడు. ‘‘ఇప్పటిదాంక మీరు ఆపింది సగమే. ఇప్పుడు ఆగింది పూర్తిగ’’ అన్నాడు. బోర్డు మీద ఒక చిన్న తెల్ల స్టిక్కర్ ఎర్రబడి ఉంది. తడి తగిలితే రంగు మారేది. వారంటీ కోసం తీసుకెళ్తే కంపెనీవాళ్లు మొదట చూసేది దాన్నేనట.

‘‘ఇగ చెప్పుండ్రి. మిషిన్ ముఖ్యమా, లోపలున్నది ముఖ్యమా?’’

లోపలున్నదే అన్నాం.

‘‘అయితే మిషిన్‌ను మర్చిపోండ్రి కాసేపు.’’

నాకు అతని మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. చాలామంది ముందు మెషీన్‌ను బతికించే ప్రయత్నం చేస్తారు. ఆ ప్రయత్నంలో షార్ట్ అయితే, ఉన్నది కూడా పోతుంది. ఇతను ఎస్‌ఎస్‌డీని ఊడదీశాడు. చూయింగ్ గమ్ ముక్కంత ఉంటుంది, ఒకే ఒక్క స్క్రూ. చాయ్ దానిదాకా రాలేదు. అయినా బంగారు పూత ఉన్న అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిన్న ఎన్‌క్లోజర్‌లో పెట్టి, తన కంప్యూటర్‌కు యూఎస్‌బీతో కలిపాడు. (కొన్ని పల్చటి మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది. అలాంటివైతే ఈ దారి లేదు, బోర్డు బతకాల్సిందే. మీదేదో ఇవాళే చూసి పెట్టుకోండి.)

డ్రైవ్ కనిపించింది. దాని మీద తాళం బొమ్మ కూడా కనిపించింది. బిట్‌లాకర్. ‘48 అంకెల రికవరీ కీ ఇవ్వండి’ అంది స్క్రీన్.

వాడు తెల్లబోయాడు. ఇలాంటి తాళం తను ఎప్పుడూ వేయలేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. దొంగ ఎత్తుకెళ్లినా డేటా చదవలేడు, మంచిదే. కానీ ఆ డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెడితే, ఓనర్ కూడా దొంగ కిందే లెక్క. కీ మాత్రం మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ కావాలి. వాడికి పాస్‌వర్డ్ గుర్తులేదు. రీసెట్ కోడ్ ఏ మెయిల్‌కు వెళ్తుందో, ఆ మెయిల్ పాస్‌వర్డూ గుర్తులేదు. దానికి ఓటీపీ ఫోన్‌కు వచ్చింది. తాళంచెవి కోసం పెట్టె, ఆ పెట్టె తాళంచెవి కోసం ఇంకో పెట్టె. ములుగు బస్టాండ్ దగ్గర 4జీ ఉంది కాబట్టి సరిపోయింది. ఇదే తాడ్వాయి దాటాక అయితే ఓటీపీ కోసం చెట్టెక్కాల్సి వచ్చేది.

చివరికి 48 అంకెలు దొరికాయి. అన్న ఆరేసి చొప్పున చదివి కొట్టాడు. ఫోల్డర్ తెరుచుకుంది. కాపీ మొదలైంది. ఒకటి కాదు, రెండు పెన్‌డ్రైవ్‌లలోకి.

కాపీ అవుతుండగా అన్న బోర్డు మీద పడ్డాడు. ఆల్కహాల్ 99 శాతంది, మెత్తటి టూత్‌బ్రష్. ‘‘శానిటైజర్ పనికిరాదా?’’ అని అడిగాను. చాలామంది అదే రుద్ది తెస్తారట. దాంట్లో నీళ్లూ, గ్లిజరిన్ లాంటివీ ఉంటాయి. ఒక జిగురు పోగొట్టబోయి ఇంకో జిగురు పూసినట్టు. కీబోర్డు కనెక్టర్ దగ్గర గోధుమరంగు మరక గట్టిగా పట్టేసింది. దాన్ని లెన్స్ కింద పెట్టి, పళ్లు తోమినంత ఓపికగా తోమాడు.

చేస్తూనే 2023 జులై గురించి చెప్పాడు. ఆ నెల 26, 27 తేదీల మధ్య ఇదే జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయి లాంటి ఊళ్లలో ప్రాణాలే పోయాయి, సామాన్ల సంగతి ఎవరు మాట్లాడతారు? కానీ నీళ్లు తీశాక జనం ఒక్కొక్కటే పట్టుకొచ్చారట. ఫోన్లు, టీవీలు, పిల్లల ట్యాబ్‌లు. ‘‘బురద గడిగి, ఎండల పెట్టి, ఆన్ చేసి సూసినోళ్లయి అన్నీ పోయినయ్. కరెంటు లేక ఆన్ చెయ్యలేకపోయినోళ్లయి కొన్ని బతికినయ్’’ అన్నాడు. స్తంభాలు కూలిన ఊళ్లలో కరెంటు రాకపోవడమే వాటికి ఆయుష్షయింది.

‘‘బోర్డు రేపటిదాంక ఆరాలె. ఇయ్యాల్టి గాలికి తొందరపడితె కాదు. రామప్ప చూసి రాపోండ్రి’’ అని మమ్మల్ని పంపించేశాడు.

జంగాలపల్లి క్రాస్ దగ్గర మళ్లి, వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరాం. రామప్ప గురించి ఫొటోలు, రీల్స్ మీరు చూసే ఉంటారు. క్రీ.శ. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జులైలో యునెస్కో గుర్తింపు, నీళ్లలో తేలే ఇటుకలు. నల్లరాతి మదనికల ముందు సెల్ఫీల క్యూ ఎప్పుడూ ఉండేదే. నన్ను ఈసారి ఆపింది మాత్రం పక్కనున్న కామేశ్వరాలయం. కుంగి ఒరిగిపోతుంటే, పురావస్తు శాఖవాళ్లు దాన్ని రాయి రాయి విప్పేశారు. ప్రతి రాయికీ నంబరు వేసి పక్కన పెట్టారు. మళ్లీ నిలబెట్టడమంటే ఏళ్లకేళ్ల పని. ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టుకోకపోతే ఎంత శిల్పమైనా కుప్పే. అట్టముక్క మీద గుచ్చిన పది స్క్రూలు గుర్తొచ్చాయి.

రామప్ప పునాదిలో ఇసుక నింపారని, భూమి కదిలినా ఆ ఇసుక అదురును మింగుతుందని గైడ్ ఎవరికో చెబుతున్నాడు. నా స్నేహితుడు వినడం లేదు. జేబులో పెన్‌డ్రైవ్ ఉందో లేదో అయిదు నిమిషాలకోసారి తడుముకుంటున్నాడు. చెరువు కట్ట మీద కూర్చున్నాక అన్నాడు. ‘‘ఆమె పాడేటప్పుడు మధ్యమధ్యలో నన్ను తిట్టేదిరా, సరిగ్గా వింటలేవని. అవి కట్ చేద్దామనుకున్నా థీసిస్ కోసం. ఇప్పుడు ఒక్క సెకను కూడా కట్ చెయ్య.’’

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి మేం మెట్ల మీదే ఉన్నాం. బోర్డు ఆరింది. అన్న బ్యాటరీ కలిపి, చార్జర్ ఇవ్వకుండానే బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ వెలిగింది. అతని ముఖంలో పెద్ద సంతోషమేం లేదు. ‘‘ఇప్పుడు నడుస్తాంది. ఆర్నెల్లు నడుస్తదా, అయిదేండ్లు నడుస్తదా చెప్పలేను. చిప్పుల కిందికి పోయిన చాయ్ నాకు కనపడదు. దీంట్ల ముఖ్యమైనయ్ ఏం పెట్టకుండ్రి’’ అన్నాడు. నిజం చెప్తాడన్న మాట నిజమే.

కీబోర్డు మాత్రం పోయింది. ఈ మోడల్‌లో కీబోర్డును పై మూతకు ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. విడిగా పీకి కడగడానికి లేదు. సికింద్రాబాద్ సీటీసీలో దొరుకుతుంది, ఆర్టీసీ కార్గోలో వేయిస్తే వస్తుంది, తిరుగు ప్రయాణంలోనో తర్వాతో వచ్చి బిగించుకోండి అన్నాడు. అప్పటిదాకా యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోమన్నాడు. క్లీనింగుకు 1,200 తీసుకున్నాడు. డేటా కాపీకి ఎంత అంటే, ‘‘అవ్వ పాటలకు పైసలేంది తమ్మీ’’ అని పెన్‌డ్రైవ్‌ల ధర మాత్రం కలిపాడు.

పస్రా దాటాక అడవి మొదలైంది. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోయాయి. గూడెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో మంచం వేశారు. మనవడు తన బ్లూటూత్ స్పీకర్ తెచ్చాడు, దానికి పెన్‌డ్రైవ్ పెట్టే సందు ఉంది. ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తీయాల్సిన పనే పడలేదు.

మొదటి పాట మొదలవగానే పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు. కోళ్ల అరుపులు, ఎక్కడో రోలు దంచుతున్న చప్పుడు, వాటి మధ్యలో ఆమె గొంతు. పిల్లలు స్పీకర్ చుట్టూ కూర్చున్నారు. రెండో పాట సగంలో ముసలమ్మ ఆగిపోయింది. దగ్గి, నా స్నేహితుడిని తెలుగులో అడిగింది. ‘‘ఎక్కుతాందా బిడ్డా, పాట?’’

‘‘ఎక్కుతాంది అవ్వా’’ అంది వాకిట్లోంచి చిన్న మనవరాలు.